ఇసుక ఎక్కడ విరిగింది

బరువు కింద ఉన్న ఇసుకను పక్కకు తోస్తే అది ఉబ్బుతుందని నేను మొదటిసారి చూసింది మదనపల్లెలో, ఇంజనీరింగు మూడో సంవత్సరం చదివేటప్పుడు. చూశాను గానీ నమ్మలేదు.

తొంభైల చివర మా వైపు కొత్త కాలేజీలు తెరుస్తున్న రోజులవి. పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు పోయి వచ్చేదాన్ని. మా నాయనకు పుంగనూరులో పశువుల దాణా అంగడి ఉండేది. తవుడు, నూనె తీయగా మిగిలిన చెనక్కాయ చెక్క, పత్తి గింజలు అమ్మేవాడు. కూతురు సివిల్ చదువుతోందంటే ఇళ్ళు కట్టడం నేర్చుకుంటోందని ఆయన లెక్క. మా ల్యాబులో అరచేతంత ఇత్తడి పెట్టెలో ఇసుక పోసి తోస్తామని చెబితే కాసేపు ఆలోచించి, అన్నం తినమన్నాడు.

ఆ పెట్టె అడ్డంగా రెండు ముక్కలుగా ఉంటుంది. లోపల ఇసుక నింపి, పైన బరువు వేలాడదీసి, కింది ముక్కను మోటారుతో మెల్లగా పక్కకు జరుపుతారు. ఒక డయలు ఇసుక ఎంత గట్టిగా అడ్డుపడుతోందో చూపిస్తుంది. ఇంకో డయలు ఇసుక పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా చూపిస్తుంది. దిగుతుందనే నేననుకున్నాను. పైన అంత బరువుంటే ఏదైనా నలుగుతుంది కదా. బాగా కూరి నింపిన ఇసుక మొదట కాస్త దిగి, ఆ తర్వాత బరువును మోసుకుంటూ పైకి లేచింది. డయలు తలకిందులుగా బిగించానని మా లెక్చరర్ అన్నారు. విప్పి మళ్ళీ బిగించాను. మళ్ళీ లేచింది. మోటారు అదురు వల్ల అయ్యుంటుందన్నారు. మోటారు ఆపి చేత్తో తిప్పాను. అప్పుడూ లేచింది. ఆయన నా వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూసి, సరే, కనిపించింది రాసుకో అన్నారు.

లైబ్రరీలో ఒక పుస్తకంలో జవాబు దొరికింది. కూరిన ఇసుకలో రేణువులు ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. కదలాలంటే పక్క రేణువు మీదికి ఎక్కి దిగాలి, అందుకని మొత్తం ఉబ్బుతుంది. వదులుగా పోసిన ఇసుకలో సందులెక్కువ, కాబట్టి అది కుంగుతుంది. అంతవరకు బాగానే అర్థమైంది. ఆ వెంటనే ఇంకోటి అర్థం కాకుండా పోయింది. కూరిన ఇసుక బలం ఒక శిఖరం దాకా పెరిగి తర్వాత పడిపోతుంది. వదులు ఇసుకకు శిఖరమే లేదు, మెల్లగా పెరుగుతూ పోతుంది. తోసుకుంటూ పోతే చివరికి రెండూ ఇంచుమించు ఒకే బలం దగ్గర కలుస్తాయి. మరి ఆ ఇసుక బలం ఏదని చెప్పాలి? నోటి పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అదే అడిగారు. శిఖరం అన్నాను. ఆయన "అవునా?" అన్నారు. కాదు సార్, చివరికి మిగిలేది అన్నాను. మళ్ళీ "అవునా?" అని, నా పక్కనున్న పిల్లను అడగడానికి తిరిగారు. మంచి మార్కులే వచ్చాయి. ఏ జవాబుకు వచ్చాయో తెలియదు.

చదువైపోయాక కుప్పంలో లెక్చరర్‌గా చేరాను. మట్టి, ఇసుక పరీక్షించే ల్యాబును ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు. గోళ్ళలో దుమ్ము పోదు. కొత్తగా వచ్చానని నాకిచ్చారు. మా విభాగం పెద్ద ఎక్కడో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై వచ్చినాయన. వేలూరు వైపు మనిషి, తెలుగులో అరవం కలిపి మాట్లాడేవాడు. నెమ్మదస్తుడు. అడిగిన ప్రశ్నకు ఇంకో ప్రశ్నతో జవాబివ్వడం ఆయన అలవాటు.

ఆ ఏడాదే మా ల్యాబుకు పెద్ద మిషను ఒకటి వచ్చింది. ఇందులో ఇసుకను పెట్టెలో పొయ్యరు. జానెడు ఎత్తున, మణికట్టంత లావున స్తంభంలా చేసి, పల్చటి రబ్బరు తొడుగు తొడిగి, గాజులా కనిపించే గొట్టంలో నిలబెడతారు. గొట్టం నిండా నీళ్ళు నింపి ఒత్తిడి పెడితే ఆ నీళ్ళు అన్ని వైపుల నుంచి స్తంభాన్ని అదిమి పట్టుకుంటాయి. ఆ తర్వాత పైనుంచి నొక్కుతారు. మొదటి నెలలో మేము చేసిన స్తంభాలన్నీ తొడుగులు చిరిగి నీళ్ళపాలయ్యాయి. మిషనుతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మలు ఒక రకంగా ఉంటే, మా మిషను ఇంకో రకంగా ఉండేది.

ఆ సమయంలోనే నాయన ఫోను చేశాడు. పుంగనూరులో అంగడి వెనక స్థలం కొన్నాడు. ఒకప్పుడు ఇటుకల బట్టీకి మట్టి తీసిన గుంత అది. దాన్ని వాగు ఇసుకతో పూడ్పించి, పైన దాణా గోడౌను కట్టాలని ఆయన ఆలోచన. ట్రాక్టర్లు ఇసుక తోలడం అప్పటికే అయిపోయింది. చెక్క మూటలు పైకప్పు దాకా పేరుస్తారు, బరువు తక్కువేమీ కాదు. అంత బరువుకు ఇసుక నిలుస్తుందో లేదో చెప్పమన్నాడు.

"పరీచ్చ సేసి సెప్తాను నాయనా," అన్నాను. మా ఇంట్లో నా చదువు ఒకరికి అక్కరకు రావడం అదే మొదలు. సంతోషమేసింది.

ఆదివారం పుంగనూరు పోయి ఒక చిన్న గోతంలో ఆ ఇసుక నింపుకొని, బైరెడ్డిపల్లె మీదుగా పోయే బస్సులో కుప్పం తెచ్చాను. కండక్టరు గోతాన్ని కాలితో తాకి, ఏమి అని అడిగాడు. ఇసుక అంటే, కుప్పంలో ఇసుక దొరకదా అన్నాడు. దొరుకుతుంది, ఇది వేరే ఇసుక అన్నాను. లగేజీ టికెట్టు కొట్టకుండా నన్నొకసారి జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

మరునాడు గోతం ల్యాబులో దించి మా పెద్దాయనకు విషయం చెప్పాను. ఆయన గుప్పెడు ఇసుక తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు.

"మంచి ఇసుక. గోతంలోకి ఎత్తక ముందు ఎట్లా ఉండింది?"

"గుంతలో ఉండింది సార్."

"అది కాదమ్మా. కూరుకుని ఉండిందా, వదులుగా ఉండిందా?"

పార పెట్టి ఎత్తిన క్షణంలోనే అది పోయిందని అప్పుడు తట్టింది. బంకమట్టి అయితే గడ్డగా కోసుకొని రావచ్చు, ఎలా ఉన్నది అలాగే వస్తుంది. ఇసుక అలా రాదు. నేను బస్సులో తెచ్చినవి రేణువులే. అవి ఎలా సర్దుకుని ఉన్నాయన్నది గుంతలోనే ఉండిపోయింది, నేను తవ్విన చోటైతే అదీ లేకుండా పోయింది. మరి ఎలా చేసి పరీక్షించాలని అడిగాను. నువ్వు ఎలా చేస్తే అలాంటి జవాబే వస్తుంది కదా అన్నాడాయన.

రెండు రకాలుగానూ చేశాను. కూరి చేసిన స్తంభం చాలా బరువు పట్టి, ఉన్నట్టుండి ఏటవాలుగా ఒక గీత మీద జారింది. దాన్ని చూస్తే ఎవరికైనా విరిగిందని తెలుస్తుంది. వదులుగా చేసింది మాత్రం నొక్కేకొద్దీ పొట్టిదవుతూ, నడుము దగ్గర లావెక్కుతూ పీపాలా తయారైంది. ఎక్కడా గీత లేదు. శిఖరం లేనప్పుడు, ఎత్తులో ఐదో వంతు తగ్గిన చోట ఫెయిల్ అయినట్టు తీసుకోవాలని పుస్తకం. ఎందుకు ఐదో వంతు? ఎక్కడో ఒక చోట ఆపాలి కాబట్టి. ఆ సంగతి పుస్తకంలో లేదు, మా పెద్దాయన చెప్పాడు.

నాయనకు ఫోనులో రెండు ఫలితాలూ చెప్పాను. ఒకటి బాగా ఎక్కువ, ఒకటి తక్కువ. నాయన మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, మీ పక్కన రామకుప్పం వైపు తవుడు బేరం ఉంది, వచ్చినప్పుడు నేనే చూస్తాను అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో అమ్మ వండి పంపిన నిప్పట్లు పట్టుకుని, ల్యాబు గడప దగ్గర చెప్పులు విడిచాడు. విడవనక్కర్లేదని చెప్పినా వినలేదు. మా పెద్దాయన స్టూలు వేయించి కూర్చోబెట్టాడు. నేను వదులు ఇసుకతో స్తంభం చేసి మిషను ఆన్ చేశాను.

అది చాలా నెమ్మదైన పని. గడియారం ముల్లు కదిలినట్టు ఉంటుంది, చూస్తూ ఉంటే ఏమీ జరగదు. నాయన మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూశాడు. స్తంభం నడుము ఉబ్బడం మొదలైంది. కాసేపటికి బాగా లావైంది. ఆయన ఇంకా ఏదో పేలుతుందన్నట్టు కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"ఎబ్బుడు ఇరుగుతాది?" అని అడిగాడు చివరికి.

"ఇరిగింది నాయనా. అయిపొయినాది."

"యాడ?"

నేను గొట్టం వైపు చెయ్యి చూపించాను. వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇదిగో ఇంత పొట్టి అయ్యేసరికి ఫెయిల్ అయినట్టు లెక్క అని చెప్పాను. ఫెయిల్ అంటే పరీక్ష తప్పినట్లా అన్నాడు. అట్లాంటిదే అన్నాను. మరి ఇంకా బరువు మోస్తూనే ఉంది కదా, తప్పినోడు తరగతిలోనే కూర్చుని ఉన్నట్టుందే అన్నాడు. మా పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికి అనుకుంటాను.

మిషను ఆపి నీళ్ళ ఒత్తిడి వదిలేశాను. అంతదాకా మనిషి బరువుకు మించి మోసిన స్తంభం, రబ్బరు తొడుగులో మెత్తబడి పక్కకు వాలింది. నీళ్ళు దింపి, తొడుగు విప్పి పళ్ళెంలో పోస్తే మామూలు ఇసుక. నాయన లేచి వచ్చి వేలితో కెలికాడు.

"ఇదేనా ఇంతసేపు నిలబడి ఉండింది?"

"ఇదే. సుట్టూ నీళ్ళు పట్టుకుంటే నిలబడతాది. వదిలేస్తే ఇట్లయిపోతాది."

ఆ మాట ఆయనకు బాగా పట్టింది. బస్సు ఎక్కేదాకా దాన్నే అన్నాడు, చుట్టూ పట్టుకునేది ఉండాలని. ఇంటికి పోయిన వారంలోనే స్థలం చుట్టూ లోతుగా రాతి గోడ పెట్టించడం మొదలుపెట్టాడు. నేను చెప్పింది అదేనా, కాదా అని నాకు అనుమానం. చుట్టూ కదలకుండా పట్టుకుంటే ఇసుక బలం పెరుగుతుంది, నిజమే. కానీ వదులుగా ఉన్నది వదులుగానే ఉంటుంది, గోడ దాన్ని కూరదు. గోడ సంగతి తెలిసి ఫోను చేసి ఈ రెండూ చెబితే ఆయనకు మొదటిదే వినిపించింది. చెప్పడం రాలేదేమో నాకు.

ఇక గుంతలోనే కొలవాలని నిర్ణయించుకున్నాను. దానికో పద్ధతి ఉంది. చిన్న గుంట తవ్వి, తీసిన ఇసుకను తూచి, ఆ గుంటను మన దగ్గరున్న మరో ఇసుకతో నింపి అది ఎంత పట్టిందో చూస్తే, అక్కడ ఎంత కూరుకుని ఉందో తెలుస్తుంది. కాలేజీలో అడిగి ఆ ఇసుక పోసే సిలిండరు, తక్కెడ తీసుకుని పుంగనూరు వెళ్ళాను. పొడి ఇసుకలో గుంట తవ్వితే నిలబడుతుందా? తవ్వినంత కూలుతూ పోయింది. మా వీధిలో సగం మంది వచ్చి నిలబడ్డారు. అమ్మ కాఫీ తెచ్చి, ఏమి పోగొట్టుకున్నావు పాపా అని అడిగింది. ముందురోజు జల్లు పడిన ఇంకో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. తడికి గుంటలు నిలిచాయి.

ట్రాక్టర్లు లోపలికి వచ్చిన దారి పక్కనంతా ఇసుక బాగా కూరుకుని ఉంది, చక్రాలు తొక్కినందుకు. ట్రాక్టరు పోలేని వెనక మూల, గంపలతో ఎత్తిపోసిన చోట, వదులుగా ఉంది. ఇంకో రెండు చోట్ల వచ్చిన ఫలితాలు ఇటూ కావు, అటూ కావు. ఒక గుంట పక్కనే ఇంకోటి తవ్వితే వేరే సంఖ్య వచ్చింది. తడి వల్లనా, నా చేతి వల్లనా, ఇసుకే అక్కడ అలా ఉందా, చెప్పలేకపోయాను.

నాయన పక్కన మేస్త్రీ ఉన్నాడు, మా అంగడి కట్టినతనే. ముందువైపు తట్టుకుంటాది, వెనక మూల చెప్పలేను అన్నాను. నాయన మేస్త్రీ వైపు చూశాడు.

"నీళ్ళు పారబెట్టి దిమ్మిస కొట్టిస్తే అదే కూరుకుంటాది లేప్పా," అన్నాడు మేస్త్రీ. "అన్ని సోట్లా అట్లనే సేస్తాండాము."

అది తప్పు కాదు. నీళ్ళు పెడితే వదులు ఇసుక కొంత సర్దుకుంటుంది. పైపైన దిమ్మిస దెబ్బ పనిచేస్తుంది కూడా. అడుగు దాకా ఎంత సర్దుకుంటుందన్నదే ప్రశ్న. మీకు అడుగు సంగతి ఎలా తెలుస్తుంది అని నేనడిగాను. మీకు తెలుస్తుందా అని అతనడిగాడు. చివరికి రెండు పూటలు బోరు నీళ్ళు పారబెట్టారు, దిమ్మిసలు కొట్టారు, పైన కాంక్రీటు వేశారు. గోడౌను లేచింది.

మొదటి వేసవి ఏమీ కాలేదు. నాయన ఫోనులో మాటి మాటికీ చెప్పేవాడు, రాయిలాగ ఉండాదని. వానలు పట్టాక ఒకరోజు పొద్దున్నే ఫోను వచ్చింది. వెనక మూల కుంగిందన్నాడు. గొంతులో కోపం లేదు, భయమూ లేదు. వచ్చి చూసి ఏమైందో చెప్పమన్నాడు.

వెళ్ళాను. మూడు వేళ్ళ మందాన నేల దిగింది. కాంక్రీటు మీద కొడవలి వంపులో ఒక చీలిక. ఆ మూల పేర్చిన చెక్క మూటల దొంతర గోడకు ఆనుకుని వాలి ఉంది. గోడ మాత్రం చెక్కుచెదరలేదు. రాళ్ళ మధ్య సున్నంలో గీత కూడా పడలేదు. కూలీలు మూటలు దించుతుంటే నాయన నా పక్కన నిలబడ్డాడు.

"ఇబ్బుడు ఇది ఫెయిలా పాపా, పాసా?"

చీలిక పక్కన కూర్చుని దాని మీద చెయ్యి పెట్టాను, జ్వరం చూసినట్టు. వెనక మూల వదులుగా ఉందని నేను చెప్పాను, అది కుంగింది. కాబట్టి నా మాట నిజమైంది. చుట్టూ పట్టుకునేది ఉండాలని ఆయన కట్టించిన గోడ ఇసుకలో ఒక్క రేణువునూ పక్కకు పోనివ్వలేదు. కాబట్టి ఆయన మాట నిజమైంది. నీళ్ళు పెట్టి కొట్టకపోతే ఇంకెంత దిగేదో, మేస్త్రీ మాట కూడా కాదనలేం. ముగ్గురి మాటా నిజమైన చోట నేల వంకరగా ఉంది. తెలీదు నాయనా అన్నాను. ఆయన తల ఊపాడు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

కుప్పం తిరిగొచ్చి మా పెద్దాయనకు చెప్పాను. కూలిందా అన్నాడు. లేదన్నాను. అయితే మన లెక్కలో అది ఇసుక విరగడం కాదు, కుంగడం, అది వేరే పాఠం అన్నాడు. నిజమే, మా పుస్తకంలో అవి రెండు వేరు వేరు పాఠాలు, మధ్యలో చాలా పేజీలున్నాయి. మా నాయనకు ఉన్నది ఒకటే నేల సార్ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, అవునమ్మా, నాకూ అది సరిగా తెలియదు, ఇన్నేళ్ళూ సేఫ్టీకని వచ్చిన బలాన్ని సగానికి సగం తగ్గించి రాసుకుంటూ వచ్చాను అన్నాడు. తెలియదన్న మాట ఆయన నోట అప్పుడే మొదటిసారి విన్నాను.

నాయన చీలికలో సిమెంటు పూయించి, నేల చదును చేయించి, ఆ మూలకు తేలికైన తవుడు మూటలు మార్చాడు. మరుసటి ఏడు వానలకు వెంట్రుకంత గీత కనిపించింది. ఆ పై ఏడు కొత్తది రాలేదు. ఇసుక ఇక పూర్తిగా సర్దుకున్నట్టా, ఆగి ఉన్నట్టా? మళ్ళీ గుంట తవ్వి కొలవాలంటే నేల పగలగొట్టాలి. నాయన వద్దన్నాడు.

ఒక ఎండాకాలం సెలవులకు పోయేసరికి ఆ మూల మళ్ళీ చెక్క మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నాకు చెప్పలేదు. గోడౌను వాకిట్లో ఆగిపోయాను. లోపల చెక్క వాసన, పైన రేకుల మీద కాకులు నడిచే చప్పుడు. నాయన లోపలి నుంచి చూసి, ఏం కాదులే రామ్మా అన్నాడు. పోయాను. కానీ తిన్నగా పోలేదు. చక్రాలు తొక్కి గట్టిపడిన, ట్రాక్టర్లు వచ్చిన వైపు గోడ పట్టుకుని, ఆ వారగా నడిచాను. ఆయన అది చూశాడు. మూటల మీద దుమ్ము దులిపి నాకు కూర్చునే చోటు చూపించాడు.